చేతులు దించని సెన్సే

"హచి" అన్నాడు ఆయన. జపాన్ భాషలో ఎనిమిది. దాని తర్వాత తొమ్మిది రావాలి. "రొకు" అన్నాడు. రొకు అంటే ఆరు.

పద్నాలుగు మంది పిల్లలు రెండు వరుసల్లో నిలబడి ఆయన ఒక్కో అంకె అన్నప్పుడల్లా ఒక్కో తన్ను గాలిలోకి తంతున్నారు. ఆరు, ఏడు, ఎనిమిది. మళ్ళీ ఆరు. ఏడు, ఎనిమిది. మళ్ళీ ఆరు. ఒక్క పిల్లా నవ్వలేదు, ఒక్క పిల్లవాడూ ఆగలేదు. ఆయన అంటే అంత భయం. కాళ్ళు వణుకుతున్నా తంతూనే ఉన్నారు. చివరికి ఆయనే ఆగి, మూతి తుడుచుకుని, "చాలు" అన్నాడు. లెక్క పది దాకా వెళ్ళలేదు. నేను గోడవారన ప్లాస్టిక్ కుర్చీలో మా అమ్మాయి కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మా అమ్మాయి రోజూ ఆ అంకెలు చెప్పుకుంటూ ఇంట్లో మెట్లెక్కేది కాబట్టి పదీ నాకు నోటికి వచ్చు. ఈ మనిషి తలలో ఏదో ఊడిపోయింది, నా పిల్లలు ఈయన చేతిలో ఉన్నారు అనుకున్నాను. 2016 ఫిబ్రవరిలో ఒక గురువారం, ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊళ్ళో, మా ఇంటికి రెండు బస్సు స్టాపుల అవతల ఉన్న హాల్లో.

ఆ మనిషి చనిపోయాడని మొన్న సాయంత్రం తెలిసింది. అప్పటి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది, రెండేళ్ళుగా అందులో ఎవరూ ఏమీ రాయలేదు. హాలు తాళాలు చూసుకునే పెద్దాయన అందులో కబురు పెట్టాడు: సెన్సే పోయిన నెలలో జపాన్‌లో వాళ్ళ అక్క ఇంట్లో పోయారు, ఆవిడ హాలుకు ఉత్తరం రాసింది. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు, ఏడుపు బొమ్మలు. నేను ఏ బొమ్మా పెట్టలేదు.

చచ్చినవాడి కళ్ళు చారెడు అని మా వైపు సామెత. బతికుండగా పట్టించుకోనివాళ్ళు కూడా పోయాక పొగుడుతారని. నాకు అది చేతకావడం లేదు. ఆ మనిషి నాకు నచ్చలేదు. బతికున్నప్పుడు నచ్చలేదు, ఇప్పుడూ నచ్చడు. 'ఆయన' అని రాస్తున్నది అలవాటు కొద్దీ. కానీ ఆయన వెళ్ళిపోవడం గురించి నా పిల్లలకు తెలిసింది ఒకటి, జరిగింది ఇంకొకటి. ఆ తేడా నేను చేసిందే. అందుకని రాస్తున్నాను.

ఆయన దగ్గరికి వెళ్ళాలన్నది మా వారి ఆలోచన. మా అబ్బాయికి ఆరేళ్ళప్పుడు స్కూల్లో ఒక పిల్లవాడు రోజూ వాడి లంచ్ బాక్సు తెరిచి వాసన చూసి, ముక్కు మూసుకుని, నేలమీద బోర్లించేవాడు. టీచరుకు చెప్పాం, హెడ్‌కు చెప్పాం. మేం మాట్లాడతాం అన్నారు. మాట్లాడారు కూడా. బాక్సు మాత్రం బోర్లుతూనే ఉంది. ఒకరోజు మా వారు లైబ్రరీలో కాగితం ఒకటి చూసి వచ్చారు. "జపాన్ ఆయనంట, ముందు కరాటే, తర్వాత కిక్‌బాక్సింగ్. పోటీలు ఆడి వచ్చినోడంట. పిల్లలకి నేర్పుతున్నాడు, గురువారం గురువారం."

"వాడికి తన్నడం నేర్పిస్తారా?" అన్నాను.

"తన్నించుకోకుండా ఉండటం నేర్పిస్తాడే" అన్నారు మా వారు.

మొదటిరోజు వెళ్ళేసరికి ఆ ప్రసిద్ధుడైన యోధుడు నేల తుడుస్తున్నాడు. మోకాళ్ళ మీద కాదు. నడుం పైకెత్తి, రెండు అరచేతుల కింద తడిగుడ్డ పెట్టి, హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగు. పిల్లలందరూ ఆయన వెనకాల అలాగే. ఇంట్లో తిన్న కంచం తీయని నా కొడుక్కి కూడా ఒక గుడ్డ ఇచ్చాడు. వాడు రెండు అడుగులు పోయి బోర్లాపడి ఏడ్చాడు. నేను లేచాను. ఆయన అరచెయ్యి చూపించాడు, ట్రాఫిక్ పోలీసులా.

ఆయనకు ఇంగ్లీషు పట్టుమని వంద మాటలు రావు. వచ్చిన వందలోనూ క్రియలు లేవు. "అమ్మలు అక్కడ" అన్నాడు. అక్కడ అంటే నేలమీద అతికించిన పసుపు టేపు వెనక. ఆ టేపు మా కోసమే వేశాడు. అది దాటి నీళ్ళ సీసా ఇవ్వకూడదు, ముక్కు తుడవకూడదు, పిలవకూడదు. పిల్లవాడు ఏడిస్తే "ఏడుపు ఇంట్లో" అనేవాడు.

మనిషి పొట్టి. ఎడమ చెవి శొంఠి కొమ్ములా ముడుచుకుపోయి ఉండేది. మోకాలి కింద ఎముక మీద వెంట్రుకలుండేవి కావు, ఏళ్ళ తరబడి బస్తాను తన్ని తన్ని నున్నబడిపోయింది. హాల్లోకి వచ్చేటప్పుడు ఖాళీ హాలుకు వంగి దండం పెట్టేవాడు. గుమ్మం దగ్గర పిల్లల బూట్లు ఒక్క వేలి వెడల్పు వంకర ఉన్నా కాలి బొటనవేలితో సరిచేసేవాడు. నా చెప్పులు కూడా. వాటిని సరిచేసేటప్పుడు నా వైపు చూసేవాడు. ఫ్లాస్కులో బార్లీ కాచిన నీళ్ళు తెచ్చుకునేవాడు, ఎవరికీ ఇచ్చేవాడు కాదు. నవ్వడం నేను చూడలేదు.

రెండో నెలలో అనుకుంటా, మా అబ్బాయి ఎలా చేస్తున్నాడని అడిగాను. అందరి తల్లులూ ఉన్నారు. ఆయన వాడి భుజం మీద రెండు వేళ్ళతో నొక్కి చూపించాడు, పండు కొనేముందు చూసినట్టు. "మెత్తన" అన్నాడు. తర్వాత నన్ను చూపించి, "అమ్మ వల్ల."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటికొచ్చి మా వారితో ఇక పంపను అన్నాను. పిల్లవాడు గదిలోంచి వచ్చి, "బట్ ఐ లైక్ హిమ్, మమ్మీ" అన్నాడు. ఎందుకురా అన్నాను. "హి వాచెస్ మి" అన్నాడు. వాడు పుట్టినప్పటి నుంచీ నేను చూస్తూనే ఉన్నాను, అది లెక్కలోకి రాలేదు.

తర్వాత లంచ్ బాక్సు బోర్లించడం ఆగిపోయింది. వాడు ఎవర్నీ కొట్టలేదు. ఆ పిల్లవాడు చెయ్యి చాపినప్పుడు రెండు చేతులూ మొహం ముందుకు తెచ్చి నిలబడి చూశాడంట, అంతే. అది సెన్సే వల్లే అని మా వారంటారు. పిల్లవాడు ఆ ఏడాది నాలుగు అంగుళాలు పెరిగాడు, అదీ కారణమేనని నేనంటాను.

సెన్సే అంటే వాళ్ళ భాషలో మాస్టారని. మాస్టారి నోటి నుంచి ఎక్కువగా వచ్చే మాట "చేతులు పైన". తన్నడానికి ముందు చేతులు పైన. తన్నేటప్పుడు పైన. తన్నాక మరీ పైన. పిల్లలు బాగా తన్ని, ఆ సంతోషంలో చెయ్యి దించితే చాలు, అక్కడికొచ్చి ప్యాడ్‌తో భుజం మీద ఒక్కటి ఇచ్చేవాడు. నొప్పి పుట్టేది కాదు, అవమానం అయ్యేది. "అయిపోలేదు" అనేవాడు. "నువ్వు అనుకున్నావు అయిపోయింది. కాదు." క్రియ ఉన్న వాక్యం ఆయన నోట నేను విన్నది అదొక్కటే.

దానికి కారణం మా వారి వల్ల తెలిసింది. ఒక ఆదివారం ఫోన్లో వెతికి ఆయన పాత పోటీ ఒకటి పట్టుకున్నారు. కార్డిఫ్‌లో ఏదో స్పోర్ట్స్ హాలు, ఆయన ఈ దేశం వచ్చిన కొత్తల్లో. 2008, 2009 ప్రాంతం. పిల్లలు నిద్రపోతున్నారనుకుని చూశాం. ఆయనే, సన్నగా, రెండు చెవులూ బాగున్నాయి. అవతల నిలబడ్డవాడు ఈయన కంటే తలంత పొడుగు. రెండో రౌండులో మన మనిషి కాలు ఎప్పుడు లేచిందో కనపడలేదు, అవతలవాడి దవడ మీద పడింది. ఆ పొడుగాయన తాగినవాడిలా తూలాడు. జనం లేచి నిలబడ్డారు. ఇక ఒక్కటి వేస్తే చాలు.

వేయలేదు. రెండడుగులు వెనక్కి వేసి, పిడికిలి నడుం దగ్గరికి లాక్కుని, పక్కకు తిరిగి నిలబడ్డాడు.

"ఇదేంట్రా నాయనా, మధ్యలో ఫొటోకి నిలబడ్డాడు?" అని మా వారు నవ్వారు.

ఫొటోకి కాదు. ఆరేళ్ళ వయసు నుంచి ఆయన నేర్చిన కరాటేలో దెబ్బ వెంట్రుకవాసి దూరంలో ఆపాలి. చక్కటి దెబ్బ చూపించగానే వెనక్కి తగ్గి నిలబడాలి. జడ్జీలు జెండా ఎత్తుతారు, అక్కడితో ఆ పాయింటు ముగిసినట్టు. ఇరవై ఏళ్ళు అలా ఆడిన ఒళ్ళు అది. కిక్‌బాక్సింగ్‌లో జెండాలు లేవు. ఆ పొడుగాయన తూలుతూనే మూడడుగులు ముందుకొచ్చి, జెండా కోసం చూస్తున్న ఆ మనిషి ఎడమ చెవి మీద కుడిచేత్తో కొట్టాడు. ఆయన పడిన చప్పుడు వీడియోలో వినపడుతుంది. లేచాక కూడా జడ్జీల వైపే చూస్తున్నాడు.

దాని తర్వాత ఆ పొరపాటు ఇంకెప్పుడూ చేయలేదంట. అంటే కొట్టాక ఆగడం మానేశాడు. ఆగనివాడు ఎదుటివాడి దగ్గరే ఉంటాడు, దగ్గరున్నవాడికి దెబ్బలు తగులుతాయి. మిగతా వీడియోల్లో గెలిచినవీ ఉన్నాయి, ఓడినవీ ఉన్నాయి, అన్నింట్లోనూ ఆ తల మీద దెబ్బలున్నాయి. నేను మూడు చూసి ఆపేశాను. వెనక నుంచి మా అబ్బాయి, "హి థాట్ ఇట్ వాజ్ ఓవర్" అన్నాడు మెల్లిగా. ఎప్పుడు లేచి వచ్చాడో.

ఒక్కటి ఒప్పుకుంటాను. ఆయన క్లాసులో పిల్లలు ఒకరి తల ఒకరు ముట్టుకోకూడదు. పొరపాటున తగిలినా ఆ రోజుకు బయటికే. మిగతా చోట్ల పిల్లలకు హెల్మెట్ పెట్టి తల మీద తన్నిస్తారని విన్నాను. ఈయన ఒప్పుకోడు. అదైనా ప్రేమగా చెప్పేవాడా అంటే లేదు. తగిలించిన పిల్లవాడి బూట్లు తీసుకెళ్ళి గుమ్మం బయట పెట్టేవాడు.

ఇక ఆ ఫిబ్రవరికి వస్తాను. లెక్క తప్పిన గురువారం తర్వాత నేను కళ్ళలో వత్తులు వేసుకుని ఆయన్నే చూశాను. ఒక పిల్ల గ్లవ్ కట్టి, పక్కకెళ్ళి వచ్చి, కట్టిన గ్లవ్ విప్పి మళ్ళీ కట్టాడు. ఫ్లాస్కు చేతిలో పట్టుకునే ఫ్లాస్కు కోసం వెతికాడు. మా వారికి చెబితే, "నాకు రోజూ తాళంచెవులు కనపడవు, నాక్కూడా జబ్బేనా?" అన్నారు. నిజమే, నాకు భయం ఎక్కువ. పిల్లలకు జ్వరం వస్తే మా జీపీ డాక్టరు క్లినిక్‌కు రెండుసార్లు ఫోన్ చేసే రకం. రిసెప్షన్ అమ్మాయికి నా గొంతు తెలుసు. అందుకే నా మీద నాకే నమ్మకం లేకుండా మూడు గురువారాలు ఊరుకున్నాను.

నాలుగో గురువారం ఆయన ఒక కాగితం పంచాడు. వచ్చే నెల శనివారం కార్డిఫ్‌లో పిల్లల పోటీ. ఎనిమిది మందిని ఎంపిక చేశాడు, అందులో మా అబ్బాయి ఉన్నాడు. ప్రయాణం మినీబస్సులో. నడిపేది ఆయనే, ఎప్పటిలాగే. మోటర్‌వే మీద రెండు గంటలు.

మా అబ్బాయి ఆ కాగితాన్ని మడతపడకుండా లైబ్రరీ పుస్తకంలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. వాణ్ణి ఎవరైనా దేనికైనా ఎంపిక చేయడం అదే మొదటిసారి.

ఆ తర్వాతి గురువారం క్లాసు అయిపోయాక నేను టేపు దాటాను. పిల్లలు అటు చివర బూట్లు వేసుకుంటున్నారు.

"సెన్సే, ఒక మాట. మీరు డాక్టరుకు చూపించుకున్నారా ఈ మధ్య?"

"మీరు డాక్టర్?"

"కాదు."

"నర్స్?"

"కాదు. మైక్రోబయాలజీ చదివాను."

ఆయన బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి చూపించాడు. "చిన్న పురుగులు."

"మీరు లెక్క తప్పుతున్నారు. నేను చూశాను. ఇన్నేళ్ళు తలకు దెబ్బలు తగిలినవాళ్ళకు ఇలా వస్తుందని చదివాను. పిల్లల్ని తీసుకుని బండి నడపడం..."

"పిల్లల తల, నో టచ్. నా రూల్." తర్వాత తన కణత మీద వేలు పెట్టుకున్నాడు. "ఇది, నాది."

"అయితే పది దాకా లెక్కపెట్టండి" అన్నాను.

అడగకూడని మాట. బళ్ళో పిల్లవాణ్ణి అడిగినట్టు, ఆయన శిష్యులు వింటుండగా ఆయన్ని అడిగాను. బూట్లు వేసుకుంటున్నవాళ్ళు తలలెత్తారు. మా అబ్బాయి మొహం ఎర్రబడింది. ఆయన మడమలు దగ్గరికి చేర్చి, చేతులు పక్కన పెట్టుకుని, గోడవైపు చూస్తూ లెక్కపెట్టాడు. ఇచి, ని, సన్, షి, గో. ఎక్కడా తడబడకుండా పది దాకా. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన నాకు వంగి దండం పెట్టాడు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది.

తర్వాత ఆయన నడుచుకుంటూ వెళ్ళి తలుపు తీశాడు. బయటికి పోయే తలుపు కాదది. మడత కుర్చీలు పెట్టే అల్మారా. ఆయన ఏళ్ళుగా క్లాసు చెబుతున్న హాలు. తలుపు పట్టుకుని లోపలికి చూస్తూ నిలబడ్డాడు, చాలాసేపు. పిల్లలు మళ్ళీ బూట్ల గొడవలో పడ్డారు, ఎవరూ చూడలేదు. ఆయన భుజాలు మాత్రం నాకు కనపడుతున్నాయి. చివరికి లోపలికి చెయ్యి పెట్టి, ఒక కుర్చీ తీసి, మోసుకొచ్చి, నా ముందు విప్పి వేశాడు. దానికోసమే వెళ్ళినట్టు.

"కుర్చీ" అన్నాడు.

కూర్చున్నాను. ఆయన కళ్ళలోకి చూశాను. నాకు తెలిసిపోయిందని ఆయనకు తెలుసు. ఒక్క మాట అడుగుతాడేమో అనుకున్నాను, ఎవరికీ చెప్పొద్దని. అడిగితే ఏమనేదాన్నో తెలియదు. "పోటీ శనివారం, ఏడు గంటలు, బస్సు" అని చెప్పి, ఈసారి సరైన తలుపు వైపు వెళ్ళాడు.

ఆ వారాంతం హాలు కమిటీకి ఉత్తరం రాశాను. చూసినవన్నీ తేదీలతో రాశాను. డాక్టరు పరీక్ష చేసేదాకా ఆయన్ని పిల్లలతో బండి నడపనివ్వకండని రాశాను. చివర సంతకం పెట్టలేదు. 'ఒక తల్లి' అని రాశాను.

"ఒక మనిషి పొట్ట కొడుతున్నావు, ఆలోచించుకో" అన్నారు మా వారు.

"ఎనిమిది మంది పిల్లలండీ ఆ బండిలో."

"అలాంటప్పుడు పేరు పెట్టు."

"పెడితే అందరూ మనవాణ్ణి వేరుగా చూస్తారు."

"మనవాణ్ణా, నిన్నా?"

పేరు లేకుండానే పోస్టు చేశాను.

కమిటీ వాళ్ళు డాక్టరు దగ్గర నుంచి కాగితం తెమ్మన్నారు. ఆయన తేలేదు. వాదించనూ లేదంట, వెళ్ళి తన ప్యాడ్లు సంచిలో సర్దుకున్నాడంట. తాళాల పెద్దాయన తర్వాత చెప్పాడు. కార్డిఫ్ ప్రయాణం ఆగిపోయింది, క్లాసు మూతపడింది. గురువారం మధ్యాహ్నం నుంచి మా అబ్బాయి గ్లవ్స్ మెడలో వేసుకుని తిరుగుతున్నాడు. వాడికి ఏదో ఒకటి చెప్పాలి.

"సెన్సే జపాన్ వెళ్ళిపోయారు నాన్నా" అన్నాను.

"వెన్?"

"మొన్న. ఆయనకు ఇక్కడ నచ్చలేదంట."

"వితౌట్ సేయింగ్ బై?"

"అవును" అన్నాను. ఆ ఒక్క మాట నోటి నుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో.

వాడు ఏడవలేదు. ఏడుపు ఇంట్లో ఏడవొచ్చని ఆయనే అన్నాడు కదా, ఇంట్లోనూ ఏడవలేదు. గ్లవ్స్ తీసి, ఛారిటీ షాపుకు ఇచ్చే బట్టల సంచిలో వేసి, మీద నా పాత స్వెటర్ కప్పాడు. ఆ తర్వాత చెల్లెలు మెట్ల మీద ఇచి, ని అంటే, "స్టాప్ ఇట్" అని అరిచేవాడు. ఫుట్‌బాల్‌లో వేశాం, మూడు వారాలకు మానేశాడు. స్కూల్లో ఏ టీచరు రెండు రోజులు సెలవు పెట్టినా, "షి ఈజ్ నాట్ కమింగ్ బ్యాక్" అంటాడు. వాళ్ళ నాన్న ఆర్నెల్లు బెల్‌ఫాస్ట్‌లో కాంట్రాక్టుకు వెళ్ళినప్పుడు, సూట్‌కేసులో ఏమేం పెట్టుకున్నారో తెరిచి చూశాడు. ఇవన్నీ ఆయన వల్లే అని వాడు అనుకుంటున్నాడు. నా వల్ల అని నాకు తెలుసు.

ఆయన అప్పుడు జపాన్ వెళ్ళలేదు. ఇంకా నాలుగు నెలలు ఈ ఊళ్ళోనే ఉన్నాడు. ఆ నాలుగు నెలలూ పిల్లల్ని టౌన్‌లోకి తీసుకెళ్ళలేదు నేను, ఎక్కడ ఎదురుపడతాడోనని. బూట్లు కూడా ఆన్‌లైన్‌లో కొన్నాను, ఒక సైజు తక్కువ వచ్చాయి.

నాకు ఒక్కదానికే ఎదురుపడ్డాడు. జూన్‌లో, స్టేషన్ బయట బస్సు స్టాపులో. ట్రాక్ సూట్, భుజాన ప్యాడ్ల సంచి. నేను పక్కకు తప్పుకునేలోపు నా ముందుకొచ్చాడు.

"బస్సు, హాల్?"

"క్లాసు లేదండి" అన్నాను.

"గురువారం."

"గురువారమే. కానీ క్లాసు ఆపేశారు."

"పిల్లలు అక్కడ" అన్నాడు ఓపిగ్గా, నాకే ఏదో అర్థం కానట్టు. అంతలో బస్సు వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు. రెండు వేళ్ళతో తన భుజం నొక్కుకుని, "మీ అబ్బాయి" అన్నాడు. "ఇప్పుడు, గట్టి."

బస్సు వెళ్ళిపోయింది. నేను అప్పుడే ఆయన్ని దింపి ఇంటికి చేర్చి ఉండొచ్చు. కనీసం తాళాల పెద్దాయనకు ఫోన్ చేసి ఉండొచ్చు. అదీ చేయలేదు. తాళం వేసిన హాలు ముందు ఆయన ఎంతసేపు నిలబడ్డాడో నాకు తెలియదు. నేను అనుకున్నది నిజమేనని రుజువైంది. తృప్తిగా ఉంటుందనుకున్నాను. అది లేదు. అప్పుడు కూడా జాలి కంటే ముందు కోపమే వచ్చింది: డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉంటే నేను ఉత్తరం రాయాల్సిన పని ఉండేదా? ఆ మొండితనం ఎవరికోసం? మెత్తన అని నా కొడుకును అందరిముందూ అన్నవాడు, గట్టి అన్న మాట వాడి ముందు ఒక్కసారి అనడానికి నోరు రాలేదా? నాకు చెప్పాడు. వాడికి చెప్పే వీలు లేకుండా నేనే చేశాను.

మొన్న ఆ కబురు చూశాక మా వారికి ఫోన్ చూపించాను. చదివి, "పాపం" అన్నారు. ఫోన్ తిరిగిస్తూ, "పిల్లలకి చెప్పకు. వాడికి పదకొండు వచ్చాయి, మర్చిపోయుంటాడు" అన్నారు.

"మర్చిపోలేదండీ."

"చెప్తే నిన్ను ఏమనుకుంటాడో తెలుసా?"

"తెలుసు" అన్నాను.

తెల్లారి దోసెలు పోస్తూ చెప్పాను, సెన్సే చనిపోయారని. మా అమ్మాయి నోటి దగ్గర ముక్క ఆపి, "ఇన్ జపాన్?" అంది. మా అబ్బాయి చట్నీ వడ్డించుకుంటూనే ఉన్నాడు.

"సో వాట్? హి లెఫ్ట్ అస్" అన్నాడు.

స్టవ్ ఆపేసి, వాడి ఎదురుగా కూర్చున్నాను.

"వదిలి వెళ్ళలేదు నాన్నా. అది నేను చెప్పిన అబద్ధం. దెబ్బల వల్ల ఆయన తలకు జబ్బు చేసింది. మిమ్మల్ని బండిలో తీసుకెళ్ళకూడదని నేను హాలు వాళ్ళకు ఉత్తరం రాశాను. దాంతో క్లాసు మూసేశారు. ఆ తర్వాత కూడా ఆయన మీకోసం సంచి తగిలించుకుని గురువారం హాలుకు వెళ్ళారు. నేను కళ్ళారా చూశాను. నువ్వు గట్టివాడివయ్యావని నాతో చెప్పారు. అదీ నీకు చెప్పలేదు."

వాడు చట్నీ గరిటె కింద పెట్టాడు. "డిడ్ హి నో ఇట్ వాజ్ యూ?"

"ఉత్తరంలో పేరు పెట్టలేదు" అన్నాను. "ఆయన నాకు ఇప్పటికీ నచ్చడు. ఆ ఉత్తరం మళ్ళీ రాయాల్సి వస్తే మళ్ళీ రాస్తాను, పేరు పెట్టి రాస్తాను. కానీ నువ్వు మూడేళ్ళుగా కోపం పెట్టుకుంది తప్పు మనిషి మీద. అది తీసి నా మీద పెట్టుకో. నేను ఎక్కడికీ పోను, సాయంత్రం నువ్వొచ్చేసరికి ఇక్కడే ఉంటాను."